రెండు బ్రోషర్లు, రెండు హార్స్‌పవర్లు: కారు బలాన్ని సరిగ్గా పోల్చుకోవడం ఎలా

కొత్త స్విఫ్ట్ పెట్రోల్ ఇంజన్ పవర్ ఎంతో వెతికి చూడండి. ఒకచోట 81.58 అంటారు, ఇంకోచోట 80.46 అంటారు, కంపెనీ కాగితంలో 60 అని ఉంటుంది. మూడూ నిజమే. ఇంజన్ ఒకటే, కొలత ఒకటే. చెప్పిన యూనిట్లే మూడు: పీఎస్, బీహెచ్‌పీ, కిలోవాట్లు.

ఒడిశాలోని రాయగడలో నేను గ్యారేజీ నడుపుతాను. గుణుపురం, మునిగుడ, లక్ష్మీపూర్ వైపు తిరిగే బొలెరోలు, పికప్ వ్యాన్లు, ట్యాక్సీ కార్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. పార్వతీపురం నుంచి కూడా వస్తారు. మాటలు సగం తెలుగు, సగం ఒడియా అయినా ప్రశ్న మాత్రం ఒకటే: "మేస్త్రీ గారూ, ఈ రెండిట్లో దేనికి పవర్ ఎక్కువ?" రెండు బ్రోషర్లు పక్కపక్కన పెట్టి అడుగుతారు. ఒకదాంట్లో 115 ఉంటుంది, ఇంకోదాంట్లో 113 ఉంటుంది. మొదటిది పీఎస్, రెండోది బీహెచ్‌పీ. అంటే రెండూ ఒకే శక్తి. ఆ రెండంకెల తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టడానికి సిద్ధపడిన కుటుంబాలను చూశాను. ఏళ్ల తరబడి కిస్తీలు కట్టాల్సిన బండి విషయంలో అలా జరగకూడదు.

హార్స్‌పవర్ అంకె కనిపిస్తే నాలుగు సంగతులు తేల్చుకోండి. అది ఏ యూనిట్? కొలిచినప్పుడు ఇంజన్‌కి ఏమేం తగిలించి ఉన్నాయి? ఏ గాలిలో కొలిచినట్టు లెక్క? ఆ పవర్ ఎంత ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది? ఈ నాలుగూ తెలియకపోతే రెండు బండ్లను పోల్చడానికి ఆ అంకె పనికిరాదు.

ముందు యూనిట్

జేమ్స్ వాట్ లెక్క ప్రకారం ఒక హార్స్‌పవర్ అంటే 550 పౌండ్ల బరువును సెకనుకి ఒక అడుగు పైకి ఎత్తే శక్తి. వాట్లలో 745.7. మన పొలాల్లో బోరు మోటారు ప్లేటు చూడండి, 5 హెచ్‌పీ పక్కన 3.7 కిలోవాట్లు అని కొట్టి ఉంటుంది. అక్కడ వాడింది ఈ హార్స్‌పవరే.

యూరప్ వాళ్లది మెట్రిక్ హార్స్‌పవర్. 75 కిలోల బరువును సెకనుకి ఒక మీటరు ఎత్తితే ఒకటి. అది 735.5 వాట్లు, అంటే వాట్ గారి హార్స్‌పవర్ కంటే 1.4 శాతం చిన్నది. జర్మన్లు దీన్ని పీఎస్ అంటారు, ఇటలీ వాళ్లు సీవీ అంటారు, ఫ్రెంచ్ వాళ్లు సీహెచ్ అని రాస్తారు. యూనిట్ చిన్నదైతే అంకె పెద్దదవుతుంది. అందుకే బ్రోషర్లలో పీఎస్ అంటే అంత ఇష్టం.

బీహెచ్‌పీలో మొదటి అక్షరం బ్రేక్. 1821లో గాస్పార్ ద ప్రోనీ అనే ఫ్రెంచ్ ఇంజనీరు తిరిగే షాఫ్టుకి బ్రేకు బిగించి, దానికి కట్టిన కర్ర ఎంత బలంగా లాగుతోందో చూసి శక్తిని లెక్కకట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది. మన దగ్గర బీహెచ్‌పీ అని రాస్తే 745.7 వాట్ల యూనిట్ అని అర్థం చేసుకోండి. అది ఇంజన్ చివర కొలిచిన శక్తి అని మాత్రమే ఆ మాట చెబుతుంది. ఇంజన్‌కి ఏం తగిలించారో, ఏ గాలిలో కొలిచారో చెప్పదు.

కాబట్టి ఎప్పుడూ కిలోవాట్లలోకి మార్చుకునే పోల్చండి. కిలోవాట్లను 1.341తో గుణిస్తే బీహెచ్‌పీ, 1.36తో గుణిస్తే పీఎస్ వస్తుంది. వెనక్కి రావాలంటే అదే అంకెతో భాగించాలి. ఆల్టో కె10 49 కిలోవాట్లు, అంటే 65.7 బీహెచ్‌పీ లేదా 66.6 పీఎస్. బొలెరో 55.9 కిలోవాట్లు, అంటే 75 బీహెచ్‌పీ లేదా 76 పీఎస్. యూరోపియన్ యూనియన్‌లో 2010 నుంచి కిలోవాట్లే అసలు అంకె, హార్స్‌పవర్ కావాలంటే పక్కన అదనంగా రాసుకోవచ్చు. మన కంపెనీల స్పెసిఫికేషన్ షీట్లలో కూడా ఆర్పీఎం గుర్తుకి ముందు కిలోవాట్ అంకె ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. సేల్స్‌మన్ నోటితో చెప్పిన అంకె వదిలేసి ఆ గడి వెతకండి.

ఇంజన్‌ని ఎలా కొలుస్తారు

హార్స్‌పవర్‌ని నేరుగా చూపించే మీటరు లేదు. ఇంజన్‌ని బండిలోంచి దించి టెస్ట్ బెడ్ మీద బిగిస్తారు. దాని షాఫ్టుని డైనమోమీటరుకి కలుపుతారు. అందులో నీళ్ల ఒత్తిడితోనో, ఎడ్డీ కరెంటు అయస్కాంతంతోనో ఇంజన్‌కి లోడు ఇస్తారు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, లోడు పెంచుతూ తగ్గిస్తూ ఇంజన్‌ని ఒక ఆర్పీఎం దగ్గర నిలబెడతారు. రీడింగ్ నిలకడగా ఉందని తేలాక డైనమోమీటరు చేయి మీద పడే బలాన్ని లోడ్ సెల్ కొలుస్తుంది. దాన్నుంచి టార్క్, అంటే షాఫ్టుని తిప్పే బలం, వస్తుంది. తర్వాత ఇంకో ఆర్పీఎం, మళ్లీ ఇంకొకటి. ఇలా గ్రాఫ్ మొత్తం గీస్తారు.

పవర్ అనేది టార్క్, ఆర్పీఎం రెండిటి నుంచి వచ్చే లెక్క. టార్క్ న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు. ఈ సూత్రం ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి, కింద దీంతో చాలా పని ఉంది.

ఏమేం తగిలించి కొలిచారు

పాత అమెరికన్ కార్ల గురించి చదివితే నాలుగొందల హార్స్‌పవర్ మామూలు మాటలా కనిపిస్తుంది. 1971 కార్వెట్‌లో వచ్చిన 454 క్యూబిక్ అంగుళాల ఎల్ఎస్6 ఇంజన్‌కి కంపెనీయే రెండు అంకెలు ఇచ్చింది: గ్రాస్ 425, నెట్ 325. ఒకే ఇంజన్, నూరు హార్స్‌పవర్ తేడా.

గ్రాస్ అంటే ఇంజన్‌ని దాదాపు ఒంటరిగా కొలవడం. ఎయిర్ ఫిల్టర్ తీసేస్తారు. సైలెన్సర్ బదులు పొగ సులువుగా పోయే టెస్ట్ రూమ్ పైపు పెడతారు. ఫ్యాన్, డైనమో లాంటివి ఇంజన్ మీద భారం వేయవు. అలాంటి ఇంజన్ రోడ్డు మీద ఎక్కడా ఉండదు. అమెరికాలో 1972 మోడళ్ల నుంచి ఎస్ఏఈ (అక్కడి ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం) నెట్ లెక్క వచ్చింది. ఎయిర్ ఫిల్టర్, బండికి వచ్చే సైలెన్సర్, వాటర్ పంపు, డైనమో అన్నీ పెట్టి కొలవాలి. అదే సమయంలో పొగ నిబంధనల కోసం కంప్రెషన్ కూడా తగ్గించారు కాబట్టి అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. 1971 కారునీ 1972 కారునీ పక్కపక్కన పెట్టి ఇంజన్లు సగం చచ్చిపోయాయి అనేవాళ్లు ఈ రెండు కారణాలనీ కలిపేస్తున్నారు.

జపాన్‌లోనూ ఇదే జరిగింది. అక్కడి జాతీయ ప్రమాణమైన జిస్ లెక్క 1985 ప్రాంతంలో గ్రాస్ నుంచి నెట్‌కి మారింది. టయోటా 4ఏ-జీఈ అనే 1600 సీసీ ఇంజన్ గ్రాస్ లెక్కలో 130 పీఎస్, నెట్‌లో 120. జర్మనీ మాత్రం తన ప్రమాణమైన డిన్ 70020 ప్రకారం మొదటి నుంచీ సామాన్లన్నీ తగిలించే కొలిచింది. పాత పుస్తకాల్లో డిన్ హార్స్‌పవర్ అని కనిపిస్తే ఆ అంకెను చాలావరకు నమ్మవచ్చు.

నెట్ అన్నా అందులో కొంత సందు ఉంటుంది. ఆ సందులు పూడ్చడానికి ఎస్ఏఈ 2005లో జె 2723 అనే పద్ధతి తెచ్చింది. కంపెనీ కొలుస్తుంటే బయటి సాక్షి పక్కన నిలబడి చూడాలి. దాంతో కొన్ని అంకెలు కిందికి దిగాయి, కొన్ని పైకి లేచాయి. టయోటా క్యామ్రీ 3.0 వీ6 210 నుంచి 190కి వచ్చింది. కాడిలాక్ సూపర్‌చార్జ్‌డ్ వీ8 440 అనుకున్నది 469 తేలింది. ఇంజన్లలో ఒక్క బోల్టు మారలేదు.

మనకు ఐఎస్ 14599 అనే భారతీయ ప్రమాణం ఉంది. యూరప్ వాడే యూఎన్ రెగ్యులేషన్ 85 లాగానే ఇది నెట్ పవర్ లెక్క. పూణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో ఈ పరీక్షలు జరుగుతాయి. కాబట్టి ఇండియాలో ఇప్పుడు అమ్మే కార్ల అంకెలు దాదాపు ఒకే పునాది మీద ఉంటాయి. గ్రాస్, నెట్ గొడవ మీకు పాత విదేశీ కార్ల దగ్గర, జనరేటర్ల దగ్గర, కొన్ని పారిశ్రామిక ఇంజన్ల దగ్గర ఎదురవుతుంది.

నెట్ లెక్కలోకి రానిది ఒకటుంది, మన వాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఏసీ కంప్రెసర్, ఇంజన్ బెల్టుతో తిరిగే పవర్ స్టీరింగ్ పంపు, బ్రేకుల గాలి కంప్రెసర్ లాంటివి ఇంజన్ నడవడానికి అవసరం లేనివి కాబట్టి పరీక్షలో తీసేస్తారు. ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే బండి బరువుగా అనిపించడానికి కారణం ఇదే. ఆ భారం బ్రోషర్ అంకెలో ముందు నుంచీ లేదు.

పన్ను కోసం పుట్టిన హార్స్‌పవర్ వేరే సంగతి. బ్రిటన్‌లో ఆర్‌ఏసీ (అక్కడి కార్ల క్లబ్) సూత్రం పిస్టన్ వెడల్పునీ సిలిండర్ల సంఖ్యనీ మాత్రమే చూసేది. స్ట్రోక్ ఎంత పొడవున్నా లెక్కలేదు. పన్ను తగ్గించుకోవడానికి అక్కడి కంపెనీలు సన్నని సిలిండర్, పొడవైన స్ట్రోక్ ఉన్న ఇంజన్లు చేశాయి. ఆస్టిన్ సెవెన్ పేరులోని ఏడు, సిట్రోయెన్ 2సీవీ పేరులోని రెండు పన్ను లెక్కలే. పాత కార్లు సేకరించేవాళ్లు ఆ పేర్లను చూసి బలాన్ని అంచనా వేయకూడదు.

ఏ గాలిలో కొలిచారు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మన కొండ ప్రాంతంలో బండి ఎందుకలా ప్రవర్తిస్తుందో ఇక్కడే అర్థమవుతుంది.

ఇంజన్ పీల్చేది గాలి. గాలి పల్చబడితే ఆక్సిజన్ తగ్గుతుంది, అంత ఇంధనమే మండుతుంది. అందుకని ఏ రోజు, ఏ ఊళ్లో కొలిచినా ఫలితాన్ని ఒకే రకం గాలికి సరిచేస్తారు. యూఎన్ రెగ్యులేషన్ 85లో, అమెరికా ఎస్ఏఈ జె 1349లో ఆ గాలి 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్స్ ఒత్తిడి. ఆ ఒత్తిడిలో తేమ వాటా ఉండదు, పొడి గాలిదే లెక్క. డిన్ 70020లో 20 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్స్. చల్లగా, చిక్కగా ఉన్న గాలి కాబట్టి అదే ఇంజన్‌కి డిన్‌లో సుమారు 3 శాతం ఎక్కువ వస్తుంది.

మా రాయగడ సముద్ర మట్టానికి దాదాపు 200 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి 99 కిలోపాస్కల్స్ దగ్గరే. పరీక్ష గదిలో ఊహించుకున్న ఒత్తిడి మా ఊరి గాలికి ఇంత దగ్గరగా ఉండటం నాకు భలే సంతోషంగా ఉంటుంది. అయితే తేమ తీసేయాలి. శ్రావణ మాసంలో ముసురు పట్టిన రోజు గాలిలో తేమ వాటా 3 కిలోపాస్కల్స్ దాటుతుంది. పొడి గాలి ఒత్తిడి 95.5 అనుకోండి, వేడి 30 డిగ్రీలు.

పెట్రోల్ ఇంజన్‌కి రెగ్యులేషన్ 85 సూత్రం ఇది: 99ని పొడి గాలి ఒత్తిడితో భాగించి, వచ్చినదాన్ని 1.2 ఘాతానికి ఎత్తాలి. గాలి ఉష్ణోగ్రతకి 273 కలిపి, 298తో భాగించి, 0.6 ఘాతానికి ఎత్తాలి. రెండిటినీ గుణిస్తే కరెక్షన్ ఫ్యాక్టర్ వస్తుంది. పై రోజుకి అది 1.055 దగ్గర తేలుతుంది. అంటే 60 కిలోవాట్ల స్విఫ్ట్ ఆ రోజు రాయగడలో నిజంగా ఇచ్చేది సుమారు 57.

ఇప్పుడు సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కొరాపుట్ వెళ్దాం. కొరాపుట్ ఎత్తు 870 మీటర్ల దాకా ఉంటుంది. ఒత్తిడి 91కి పడుతుంది, చలికాలం పొద్దున 20 డిగ్రీల దగ్గర పొడి గాలి 90 అనుకోండి. ఫ్యాక్టర్ 1.11 వస్తుంది. అదే స్విఫ్ట్ అక్కడ 54 కిలోవాట్లే ఇస్తుంది. ఆరు కిలోవాట్లు ఇంజన్ జబ్బు వల్ల పోలేదు, గాలి వల్ల పోయాయి. సెమిలిగుడ వైపు ఉండే పెట్రోల్ కార్ల వాళ్లు "పికప్ తగ్గింది, ఇంజన్ విప్పి చూడండి" అని వచ్చినప్పుడు నేను ముందు ఈ లెక్క వేసి చూపిస్తాను. ఇంజన్ విప్పే ఖర్చు చాలాసార్లు మిగులుతుంది.

నిబంధనలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పెట్రోల్ ఇంజన్‌కి ఈ ఫ్యాక్టర్ 0.93 నుంచి 1.07 మధ్య ఉండాలి, పీల్చే గాలి 15 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. అది దాటితే పరీక్ష జరిగిన పరిస్థితులన్నీ రిపోర్టులో స్పష్టంగా రాయాలి. కొరాపుట్‌లో డైనో (డైనమోమీటరు) పెడితే దాదాపు ఏడాది పొడవునా ఆ గీత అవతలే ఉంటాం. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం కూడా అంతే.

టర్బో డీజిల్‌కి సూత్రం వేరు. అక్కడ ఒత్తిడి ఘాతం 0.7 మాత్రమే, ఎందుకంటే పల్చటి గాలిని టర్బో నొక్కి లోపలికి పంపుతుంది. ఉష్ణోగ్రత ఘాతం మాత్రం 1.5, అంటే వేడికి ఎక్కువ ఇబ్బంది పడుతుంది. వచ్చిన ఫలితాన్ని ఇంజన్ రకాన్ని బట్టి 0.3 నుంచి 1.2 వరకు ఇంకో ఘాతానికి ఎత్తుతారు. పైన చెప్పిన కొరాపుట్ పొద్దుటికి ఈ లెక్క వేస్తే తగ్గుదల 1 నుంచి 5 శాతం లోపే. కొండల మీద బొలెరోలు ఎందుకు బతికాయో ఈ సూత్రమే చెబుతుంది. మే నెలలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) జాలీ మట్టితో మూసుకుపోతే అవి ఎందుకు ముక్కుతాయో కూడా ఇదే చెబుతుంది.

ట్యూనింగ్ షాపు డైనో ప్రింటు చూపిస్తే

నగరాల్లో ఇంజన్ దించకుండా చక్రాల దగ్గరే కొలిచే చాసిస్ డైనోలు ఉంటాయి. ఆ అంకె బ్రోషర్ అంకె కంటే తక్కువ వస్తుంది. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, టైర్లు దార్లో కొంత మింగుతాయి. ఎంత మింగాయో తెలియక చాలామంది 15 శాతం కలిపి ఇంజన్ పవర్ ఇదీ అంటారు. ఆ 15 ఏ స్టాండర్డ్‌లోనూ లేదు, అది అంచనా. ఫోర్ బై ఫోర్‌కీ, చిన్న హ్యాచ్‌బ్యాక్‌కీ ఒకటే శాతం పని చేయదు.

డైనో సాఫ్ట్‌వేర్‌లో కరెక్షన్ ఎంచుకునే మెనూ ఉంటుంది: ఎస్ఏఈ, ఎస్‌టీడీ, డిన్, జిస్ అని. ఎస్‌టీడీ పాత ఎస్ఏఈ లెక్క, దాని గాలి 15.5 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్స్. ఇప్పటి ఎస్ఏఈ కంటే సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. రీమ్యాప్‌కి (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడానికి) ముందు ప్రింటు ఎస్ఏఈలో, తర్వాత ప్రింటు ఎస్‌టీడీలో తీస్తే, ఏమీ చేయకుండానే 100 కాస్తా 104 అవుతుంది. డబ్బు కట్టే ముందు ప్రింటు మీద చిన్న అక్షరాలు చదవండి. రెండు ప్రింట్లకీ కరెక్షన్ పేరు ఒకటే ఉండాలి. డైనో, గేరు కూడా అవే ఉండాలి. వీలైతే రెండూ ఒకే రోజు తీయించండి. ముందు ప్రింటు తీయకుండా తర్వాత ప్రింటు మాత్రమే ఇస్తామంటే ఒప్పుకోకండి.

రెండు కొత్త బండ్ల అంకెల మధ్య తేడా 5 శాతం లోపు ఉంటే నేను దాన్ని పట్టించుకోను. రెగ్యులేషన్ 85 కూడా ఆమోద పరీక్షలో కంపెనీ చెప్పిన గరిష్ఠ పవర్‌కి 2 శాతం అటూ ఇటూ, తర్వాత ఉత్పత్తిలోంచి తీసి చూసే ఇంజన్లకి 5 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది. ఒకే మోడల్, ఒకే నెలలో వచ్చిన రెండు ఇంజన్ల మధ్యే అంత తేడా ఉండొచ్చు.

ఘాట్ ఎక్కడానికి ఎంత కావాలి

పైన చెప్పిన మెట్రిక్ హార్స్‌పవర్‌తో నేరుగా లెక్క కట్టవచ్చు. మనుషులు, సామాను కలిపి 2200 కిలోల బొలెరో, 100 మీటర్లకి 7 మీటర్లు లేచే రోడ్డు, గంటకి 30 కిలోమీటర్ల వేగం. బండి సెకనుకి 8.33 మీటర్లు పోతోంది, అంటే సెకనుకి 0.58 మీటరు పైకి లేస్తోంది. 2200ని 0.58తో గుణించి 75తో భాగిస్తే 17 పీఎస్. టైర్ల రాపిడికి ఇంకో మూడు, నాలుగు కలపండి. మొత్తం 21 పీఎస్, సుమారు 15 కిలోవాట్లు. 76 పీఎస్ ఉన్న బండికి కావాల్సింది మూడో వంతు కంటే తక్కువ. అదే ఘాట్‌ని 60 వేగంతో ఎక్కాలంటే రెట్టింపు దాటుతుంది, గాలి అడ్డు కూడా మొదలవుతుంది.

మరి 60 కిలోవాట్ల స్విఫ్ట్ 55.9 కిలోవాట్ల బొలెరో కంటే ఘాట్‌లో బలమైనదా? ఇక్కడ నాలుగో ప్రశ్న, ఆర్పీఎం. స్విఫ్ట్ 60 కిలోవాట్లు 5700 ఆర్పీఎం దగ్గర. బొలెరో 55.9 కిలోవాట్లు 3600 దగ్గర. ఘాట్ మలుపులో లోడుతో ఇంజన్ 1600 దగ్గర ఉందనుకోండి. బొలెరో టార్క్ 210 న్యూటన్ మీటర్లు, 1600 నుంచి 2200 వరకు నిలుస్తుంది. 210ని 1600తో గుణించి 9549తో భాగిస్తే 35 కిలోవాట్లు. స్విఫ్ట్ గరిష్ఠ టార్కే 111.7, అదీ 4300 దగ్గర. ఆ గరిష్ఠం 1600 దగ్గరే వచ్చిందనుకున్నా 18.7 కిలోవాట్లు మించదు. కాగితం మీద ముందున్న బండి మలుపులో సగం దగ్గర ఉంటుంది.

ఇది స్విఫ్ట్‌కి లోపం కాదు. నలుగురు కూర్చుంటే అది 1250 కిలోల లోపు బండి, అదే ఘాట్‌కి దానికి 9 కిలోవాట్లు చాలు. గేరు ఒకటి దించి ఇంజన్‌ని పైకి తిప్పితే హాయిగా ఎక్కుతుంది. కానీ సంత సరుకు వేసుకుని లక్ష్మీపూర్ వైపు రోజూ తిరగాల్సిన వాళ్లు గరిష్ఠ పవర్ గడి పక్కన పెట్టి, టార్క్ ఏ ఆర్పీఎం నుంచి ఏ ఆర్పీఎం వరకు నిలుస్తుందో ఆ గడి చూడాలి. కాగితం మీద లెక్క చాలు. ఘాట్‌లో యాక్సిలరేటర్ అదిమి పరీక్షలు చేయకండి, ఎదురుగా వచ్చే బస్సుకి మీ పరీక్ష సంగతి తెలియదు.

సీఎన్‌జీ తీసుకునేవాళ్లు రెండు అంకెలూ అడగండి. వ్యాగన్ఆర్ 1.0 పెట్రోల్ మీద 49 కిలోవాట్లు, సీఎన్‌జీ మీద 41.7. కొండ ఎత్తు వల్ల పోయేది దానికి అదనం.

ఎలక్ట్రిక్ బండ్లకి బ్రోషర్‌లో కనిపించేది కాసేపు ఇవ్వగల గరిష్ఠ పవర్. రెగ్యులేషన్ 85లో వాటికి 30 నిమిషాల పవర్ అని వేరే కొలత ఉంది. మోటారు వేడెక్కకుండా అరగంట పాటు ఆపకుండా ఇవ్వగల శక్తి అది. పొడవైన ఘాట్‌లు ఎక్కేవాళ్లు డీలరుని అడగాల్సిన అంకె ఇదే.

ట్రాక్టర్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. బోనెట్ మీద ఉండేది ఇంజన్ హార్స్‌పవర్. రోటవేటర్‌ని తిప్పేది పీటీవో (ట్రాక్టర్ వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గరికి చేరే పవర్, అది ఎప్పుడూ తక్కువే. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులు ఇస్తుంది. అందులో పీటీవో పవర్ విడిగా ఉంటుంది. రోటవేటర్ సైజు దాన్ని బట్టి ఎంచుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే, విజయనగరం వైపు నుంచి ఎన్ఓసీతో వచ్చేదైనా, ఓడీ 18 బండే అయినా, కాగితాల్లో ఉన్న అంకె కొత్త ఇంజన్‌ది. మీ చేతికి వచ్చేది ఇప్పుడున్న ఇంజన్. నేనైతే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూస్తాను. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే హోసుల దగ్గర నూనె తడి ఉందేమో, క్లాంపులు వదులయ్యాయేమో చూస్తాను. తర్వాత ఖాళీ చదును రోడ్డు మీద పై గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ తొక్కి, ఆర్పీఎం ముల్లు లేస్తూ వేగం లేవకపోతే క్లచ్ జారుతోందని తేలుస్తాను. ఇవన్నీ బాగుచేశాక కూడా బండి లాగకపోతే అప్పుడు కంప్రెషన్ చూడాలి. రీమ్యాప్ గురించి ఆలోచన ఆ తర్వాతే.